మనోళ్ళున్నారులే అని కువైట్ పోతే

జమ్మలమడుగులో గానీ ప్రొద్దుటూరులో గానీ పులివెందులలో గానీ కువైట్ ఎక్కడుందని ఎవరూ అడగరు. ఎవరి మేనత్త సాల్మియాలో అరబ్బు ఇంట్లో వంట చేస్తుందో, ఎవరి చిన్నాయన కొడుకు ఫర్వానియాలో బండి తోలుతున్నాడో అరుగుల మీదే తెలిసిపోతుంది. అందుకే మన పక్క నుంచి కొత్తగా పోయే మనిషి పెద్దగా బెదరడు. వీసా చూసింది మనోళ్ళు, ఎయిర్‌పోర్టుకు వచ్చేది మనోళ్ళు, మొదటి రాత్రి ఇంత అన్నం పెట్టి మంచం చూపించేదీ మనోళ్ళే. కొత్త దేశంలో దిగే మనిషికి ఇది చిన్న అండ కాదు.

కానీ ఆ అండ పది రోజులకే సరి. మూడు నెలలు గడిచాక కూడా అకామా (అక్కడ ఉండనిచ్చే అనుమతి) సంగతి అన్న చూసుకుంటాడు, డబ్బు పంపడం బావ చూసుకుంటాడు, జ్వరమొస్తే రూములో వాళ్ళే తీసుకుపోతారు అని కూర్చున్న మనిషి అక్కడ ఇంకా కుదురుకోలేదనే లెక్క. అన్నకు తెలిసిన రూలు ఆయన పోయిన నాటిది. కువైట్‌లో రూళ్ళు ఏటేటా మారుతున్నాయి. బావ మంచోడే, కానీ సరిగ్గా ఆయన డ్యూటీలో ఉన్నప్పుడే మీకు అవసరం పడుతుంది. ఇంకో మాట, చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా చెప్పాలి. దొంగ వీసా అమ్మేది, చీటీ ఎగ్గొట్టేది, సంచిలో పొట్లం పెట్టి పంపేది ఎక్కువగా తెలిసినవాళ్ళే. తెలియనోడి మాట మనం ఎట్లాగూ నమ్మం కదా.

అందుకని కొత్తగా పోయేవాళ్ళు మొదటి మూడు నెలల్లో చెయ్యాల్సింది ఒకటే. తమ కాగితాలు, తమ చిరునామా, తమ డబ్బు తమ చేతిలోకి తెచ్చుకోవాలి. మిగతావి, అంటే తిండి, భాష, ఎండ, అరబ్బుల అలవాట్లు మెల్లగా అవే అలవాటవుతాయి.

టికెట్టుకు ముందు

పాస్‌పోర్టు తెరిచి అందులో ఈసీఆర్ (వలస అనుమతి కావాలి) అని ఉందో లేదో చూడండి. పదో తరగతి పాసైనవాళ్ళకు అది ఉండనక్కర్లేదు. టెన్త్ సర్టిఫికెట్ బీరువాలో పెట్టుకుని, పాస్‌పోర్టుకు దరఖాస్తు చేసేటప్పుడు మాత్రం చూపించక ఈసీఆర్ తెచ్చుకున్నవాళ్ళున్నారు. ఈసీఆర్ ఉన్నవాళ్ళు కువైట్ లాంటి 18 దేశాలకు పనికి పోవాలంటే 1983 నాటి వలసల చట్టం కింద ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి ఉండాలి. ఆ పనంతా ఈ-మైగ్రేట్ పోర్టల్ మీద నడుస్తుంది. అదొక తలనొప్పి అని ఏజెంట్లు చెబుతారు. వాళ్ళకు తలనొప్పే. మీకు మాత్రం ఆ దారిలోనే ఒప్పంద పత్రం, జీతమెంతో రాతపూర్వకంగా, ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల బీమా వస్తాయి. ఆ బీమాకు కట్టే ప్రీమియం రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375, పన్ను అదనం. లైసెన్సున్న ఏజెంటు మీ దగ్గర తీసుకోగలిగింది గరిష్ఠంగా 30 వేలు, దాని మీద జీఎస్టీ. లక్షన్నర అడిగే మనిషికి లైసెన్సు ఉందో లేదో అదే పోర్టల్లో చూడొచ్చు.

ఆడవాళ్ళ విషయం ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద ఇంటిపనికి పోయే ఆడవాళ్ళకు 30 ఏళ్ళు నిండాలి, పైగా ప్రభుత్వం అనుమతించిన సంస్థల ద్వారానే పోవాలి. మన ఆంధ్రప్రదేశ్‌లో ఆ పని చూసే ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్. వయసు చాలని పిల్లకు కాగితాల్లో నాలుగేళ్ళు పెంచి పంపేవాళ్ళున్నారు, విజిట్ వీసా మీద వేరే దేశానికని చెప్పి అక్కణ్ణుంచి కువైట్‌కు దాటించేవాళ్ళున్నారు. ఇల్లు మంచిదైతే ఆ దొంగదారి సంగతి ఎప్పటికీ బయటపడదు. ఇల్లు చెడ్డదైతే మాత్రం, ఈ మనిషి ఫలానా ఇంట్లో ఫలానా జీతానికి పోయిందని చూపించే కాగితం మన ప్రభుత్వం దగ్గర ఒక్కటీ ఉండదు.

ఇక వీసా. మనోళ్ళు 'ఇరవై నంబరు', 'పద్దెనిమిది నంబరు' అంటుంటారు. ఇరవై అంటే ఇంటిపని: వంట, ఆయా, ఇంటి డ్రైవరు, తోటమాలి. పద్దెనిమిది అంటే ప్రైవేటు కంపెనీ. రెండింటికీ చట్టాలు వేరు, హక్కులు వేరు. ఇరవై మీద పోయి బయట హోటల్లోనో గ్యారేజీలోనో పని చేస్తే అది నేరం. 'ఆజాద్ వీసా' అని అమ్ముతుంటారే, అలాంటి వీసా కువైట్ చట్టంలోనే లేదు. కఫీల్‌కు, అంటే వీసా ఇచ్చిన యజమానికి, ఏడాదికింత అని కట్టి, పని మాత్రం బయట వెతుక్కోవడమే దాని అర్థం. జలీబ్‌లోనో మహబూలాలోనో చెకింగ్‌లో దొరికితే వేలిముద్రలు తీసి పంపించేస్తారు, మళ్ళీ అడుగు పెట్టనివ్వరు. 2024లో జూలై మధ్య నుంచి రెండు నెలల పాటు 50 దినార్ల రుసుముతో ఇరవై నుంచి పద్దెనిమిదికి మారే వీలిచ్చారు. అది గడువు పెట్టి ఇచ్చిన వెసులుబాటు. 'ముందు ఇరవై మీద పోదువు, తర్వాత మార్చుకుందువులే' అని ఇవాళ ఎవరైనా అంటే, ఆ మాట మీద లక్షలు పెట్టకండి.

సామాను సర్దేటప్పుడు చెనిక్కాయల పొడి, ఎండుమిరపకాయలు, ఊరగాయ నిక్షేపంగా తీసుకుపోండి. గసగసాలు వద్దు. మన వంటింట్లో మసాలా దినుసు, గల్ఫ్‌లో మత్తుమందుల లెక్కలోకి వస్తాయి. దగ్గు మందులు, నొప్పి మాత్రలు డాక్టరు చీటీ లేకుండా వద్దు. పక్కింటాయన 'మా వాడికి ఈ డబ్బా ఇయ్యి' అంటే ఆయన ముందే మూత తీసి అడుగు దాకా చూడండి, లేదంటే తీసుకోకండి. సంచిలో గంజాయి దొరికితే ఆ సంచి ఎవరి చేతిలో ఉందో వాళ్ళదే నేరం. డబ్బా ఇచ్చిన మనిషి ఊర్లోనే ఉంటాడు, జైలుకు పోయేది మీరు. మొహమాటానికి పోతే మొదటికే మోసం వస్తుంది.

ఇల్లెక్కడ?

కువైట్‌లో రామాలయం ఎదురుగా, నీళ్ళ ట్యాంకు పక్క సందు అంటే కుదరదు. అక్కడ చిరునామా అంటే ముందు ప్రాంతం పేరు, తర్వాత ఖితా అంటే బ్లాకు నంబరు, తర్వాత షారె అంటే వీధి నంబరు, కొన్నిచోట్ల జాదా అంటే సందు నంబరు, చివర ఇంటి నంబరు. అన్నీ అంకెలే. అంకెలు తెలియకపోతే సొంత ఇంటికి కూడా దారి తెలియనట్టే.

కొత్తగా అరబ్బు ఇంట్లో చేరిన అక్క ఒంట్లో బాగాలేదని చెల్లెలికి ఫోన్ చేస్తుంది. చెల్లెలు వేరే ఏరియాలో ఇంకో ఇంట్లో పనిచేస్తుంటుంది.

"యాడుండావు మ్మే? నీ ఇల్లు యాడ?"

"తెల్దు. పెద్ద ఇల్లు. ముందర ఖర్జూరం చెట్లుండాయి. పక్కన మసీదుండాది."

కువైట్‌లో ఖర్జూరం చెట్టు లేని వీధి, మసీదు లేని బ్లాకు చూపించండి! ఎంబసీవాళ్ళు వెతకాలన్నా, పోలీసులు రావాలన్నా, అంబులెన్స్ కావాలన్నా అందరూ అడిగేది ఆ అంకెలే. పోలీసుకైనా, అంబులెన్స్‌కైనా, మంటలార్పేవాళ్ళకైనా నంబరు ఒకటే, 112. ఆ నంబరుకు ఫోన్ చేసి ఖర్జూరం చెట్టని చెబితే ఎవరూ రాలేరు.

అందుకని ఇంట్లో చేరిన మొదటి రోజే, చెత్త పారబోయడానికి గేటు దాకా పోయినప్పుడు గోడ చూడండి. ఇంటి నంబరు పలక ఉంటుంది. దానితోపాటు పాసీ నంబరని ఇంకో పలక కూడా ఉంటుంది. ఒక్కో భవనానికి ఒక్కో నంబరు, అది చెబితే మ్యాప్‌లో ఇల్లు దొరుకుతుంది. అంకెలు అరబ్బీలో ఉంటే తికమక పడకండి. అరబ్బీ ఐదు మన సున్నాలా గుండ్రంగా ఉంటుంది, అరబ్బీ సున్నా ఒట్టి చుక్క, అరబ్బీ ఆరు మనం రాసే ఏడులా కనబడుతుంది. ఈ మూడూ పట్టుకుంటే మిగతావి రెండు రోజుల్లో వస్తాయి. చదువు రాదనుకునేవాళ్ళు ఫోటో తీసి పంపండి, లేదా ఇంటి డ్రైవర్ని అడిగి రాయించుకోండి. ఆ కాగితం సూట్‌కేసు మూత లోపలి వైపు అంటించండి. ఊర్లో ఒకరికి, కువైట్‌లో ఒకరికి పంపండి. లొకేషన్ పంపితే చాలదా అంటారు. ఫోన్ మీ చేతిలో ఉన్నంతవరకు చాలు.

పన్నెండు అంకెలు

దిగిన తర్వాత వైద్య పరీక్షలు, వేలిముద్రలు, అకామా, ఆ తర్వాత బతాకా అనే సివిల్ ఐడీ, వరసగా అవుతాయి. కంపెనీ అయితే కాగితాల పనులు చూసే మందూబ్ తిప్పుతాడు, ఇల్లయితే యజమాని. ఇవి గడువులోపల కాకపోతే రోజుల లెక్కన జరిమానా పడుతుంది. 'ఎంతవరకు వచ్చింది' అని వారానికోసారి అడగడం తప్పు కాదు, నోరు విప్పండి.

సివిల్ ఐడీలో 12 అంకెలుంటాయి. మొదటి అంకె 2 అయితే 2000కు ముందు పుట్టినవాళ్ళు, 3 అయితే ఆ తర్వాతివాళ్ళు. దాని తర్వాతి ఆరు అంకెలు పుట్టిన ఏడు, నెల, తేదీ. 1990 ఆగస్టు 15న పుట్టిన మనిషి నంబరు 2900815తో మొదలవుతుంది. అంటే పాస్‌పోర్టులో ఏజెంటు పెంచి రాయించిన వయసు ఈ నంబరులోకి ఎక్కి కూర్చుంటుంది. ఆధార్‌లో ఒకటి, పాస్‌పోర్టులో ఒకటి, బతాకాలో ఒకటి ఉన్న మనిషికి రేపు బీమా డబ్బు రావాలన్నా చిక్కే.

ఇప్పుడు కార్డు కంటే ఫోన్‌లో ఉండే మొబైల్ ఐడీ ముఖ్యమైంది. దానితోపాటు సాహెల్ అనే ప్రభుత్వ యాప్ పెట్టుకుంటే అకామా ఎప్పటిదాకా ఉందో, మీ మీద జరిమానాలేమైనా ఉన్నాయో మీరే చూసుకోవచ్చు, ఎవర్నీ బతిమాలనక్కర్లేదు. ఇక్కడే మనోళ్ళతో ఒక తిప్పలుంది. కొత్త మనిషికి ఫోన్ సంగతి తెలియదని రూములో కుర్రాడు తన సిమ్ముతో, తన పాస్‌వర్డుతో అన్నీ పెట్టి ఇస్తాడు. మంచి మనసుతోనే ఇస్తాడు. కానీ ఆ యాప్‌లో 'ఒప్పుకుంటున్నాను' అని నొక్కడమంటే సంతకం పెట్టడమే. బ్యాంకు, అకామా, కేసు, దేనికైనా. మీరు మొదలుపెట్టని పనికి అనుమతి అడుగుతూ ఏదైనా వస్తే నొక్కకండి, బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామని ఎవరు ఫోన్ చేసినా సరే. సివిల్ ఐడీ చేతికి రాగానే మీ పేరు మీద సిమ్ము తీసుకుని అన్నీ దానికి మార్చుకోండి.

పాస్‌పోర్టు మీ దగ్గరే ఉండాలి. ఇంటి పనివాళ్ళ పాస్‌పోర్టు వాళ్ళు ఒప్పుకోకుండా యజమాని పెట్టుకోకూడదని 2015 నాటి 68వ నంబరు చట్టంలోనే ఉంది. అయినా చాలా ఇళ్ళల్లో బీరువాలో పెట్టి తాళం వేస్తారు. మొదటి రోజే దాని మీద గొడవ పడమని చెప్పను. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం ఫోటోలు తీసి ఇంటికి పంపించండి. గొడవ అనేది వస్తే అప్పుడు ఆ ఫోటోలే పనికొస్తాయి.

అరబ్బు ఇల్లు

ఆ 68వ నంబరు చట్టం ఇంటి పనివాళ్ళకు చాలానే ఇచ్చింది. రోజుకు 12 గంటలకు మించి పని ఉండకూడదు, మధ్యలో విశ్రాంతి ఉండాలి. వారానికి ఒకరోజు సెలవు. ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు. పని మానేసి వచ్చేటప్పుడు ఏడాదికో నెల జీతం చొప్పున లెక్క. 2016లో కనీస జీతం 60 దినార్లని పెట్టారు. ఇప్పుడు దినారు విలువ 270 రూపాయల పైమాటే కాబట్టి 16 వేలు దాటుతుంది. వంట బాగా వచ్చినవాళ్ళు, అరబ్బీ తెలిసినవాళ్ళు ఇంతకంటే చాలా ఎక్కువే అడిగి తెచ్చుకుంటారు.

చట్టం ఉంది కదా అని ఇల్లు మారదు. ఒక్కో ఇల్లు ఒక్కో రాజ్యం. ముసలాయన, ముసలామె ఉన్న ఇంట్లో పని తక్కువ, ఒంటరితనం ఎక్కువ. పిల్లలున్న ఇంట్లో రాత్రి ఒంటి గంటైనా దీపాలు ఆరవు. రంజాన్ నెలలో పగలు రాత్రి, రాత్రి పగలు అవుతుంది. ఇంటామెను 'మామా' అనీ, ఇంటాయనను 'బాబా' అనీ పిలవడం అక్కడి అలవాటు, దాన్ని చిన్నతనంగా తీసుకోనక్కర్లేదు. మొదటి నెల పని నేర్చుకుంటూ, ఎన్ని గంటలకు పడుకోనిస్తారు, ఫోన్ ఎప్పుడు చేసుకోవచ్చు, సెలవు ఏ రోజు అనేవి గమనించండి. అడగాల్సినవి మొదటి జీతం చేతికొచ్చిన రోజు అడగండి. ఆ రోజు ఇద్దరూ సంతోషంగా ఉంటారు, మాట చెల్లుతుంది. తిండి దగ్గర మాత్రం మొదటి రోజే మాట్లాడాలి. కారం లేని అన్నం మాంసం రెండు వారాలు తిని నీరసపడి మంచం పట్టినవాళ్ళున్నారు. ఓ గిన్నెలో అన్నం, పప్పు వండుకుంటానంటే కాదనే ఇల్లు తక్కువ.

ఇంట్లో తీసే వీడియోలు ఎక్కడా పెట్టకండి. వంటిల్లు బాగుందని, ఇంటి పిల్లలు ముద్దుగా ఉన్నారని రీలు తీసి పెడితే, వాళ్ళు కేసు పెట్టొచ్చు. 2015లోనే దానికి సైబర్ చట్టం తెచ్చారు.

కొట్టినా, జీతం ఆపినా, అంతకంటే ఘోరం జరిగినా ఏం చెయ్యాలి? మన ఆడవాళ్ళు మొదట చేసేది తెలిసినవాళ్ళ రూముకు పారిపోవడం. అక్కడే కథ అడ్డం తిరుగుతుంది. యజమాని 'పనిమనిషి పారిపోయింది' అని ఫిర్యాదు చేస్తాడు, అకామా రద్దవుతుంది, ఆదుకున్న బంధువు మీద కూడా కేసు వస్తుంది. ఆ రోజు వరకు బాధితురాలు, మర్నాటి నుంచి నేరస్థురాలు. కాబట్టి గడప దాటితే నేరుగా ఎంబసీకే పోవాలి. భారత రాయబార కార్యాలయం అరేబియన్ గల్ఫ్ స్ట్రీట్ మీద డిప్లొమాటిక్ ఎన్‌క్లేవ్‌లో ఉంది. టాక్సీవాడికి 'సిఫారా హిందియా' అంటే తెలుస్తుంది. కష్టంలో ఉన్న ఆడవాళ్ళు తలదాచుకోవడానికి అక్కడ వసతి ఉంది. జలీబ్‌లో కువైట్ కార్మిక శాఖ నడిపే షెల్టరు కూడా ఉంది. టాక్సీకి సరిపడా ఐదు దినార్లు ఎప్పుడూ విడిగా దాచుకోండి, ఎవరికీ అప్పివ్వకండి.

కంపెనీ, రూము, ఎండ

కంపెనీ పనికి 2010 నాటి 6వ నంబరు చట్టం వర్తిస్తుంది. రోజుకు 8 గంటలు, వారానికి 48. అంతకు మించితే ఓవర్‌టైం కట్టాలి. శుక్రవారం, శనివారం అక్కడి వారాంతం, ఆదివారం నుంచి గురువారం వరకు ఆఫీసులు. 2025 జూలై 1 నుంచి కొత్త రూలొకటి వచ్చింది. పద్దెనిమిది నంబరు మీద ఉన్నవాళ్ళు సెలవు మీద ఊరికి రావాలన్నా కంపెనీ ఒప్పుకుని, ఆన్‌లైన్‌లో ఎగ్జిట్ పర్మిట్ వస్తేనే విమానం ఎక్కనిస్తారు. చెల్లెలి పెళ్ళికని ముందే టికెట్టు కొని, పర్మిట్ దగ్గర ఆగిపోతే టికెట్టు డబ్బూ పోతుంది, పెళ్ళీ అయిపోతుంది.

డ్రైవరు పనికి పోయేవాళ్ళకు రెండే మాటలు. మన లైసెన్సు చెల్లదు, అక్కడ తీసుకోవాలి. బండి రోడ్డుకు కుడి పక్కన నడుస్తుంది. 2025 ఏప్రిల్ 22 నుంచి కొత్త ట్రాఫిక్ చట్టం వచ్చింది. బండి తోలుతూ ఫోన్ పట్టుకుంటే 75 దినార్లు, ఎర్ర లైటు దాటితే 150. చాలామంది ఇంటి డ్రైవర్లకు ఫోన్ జరిమానా ఒక్కటే సగం జీతం.

రూము గురించి మాత్రం కాస్త నిలబడి చెప్పాలి. 2024 జూన్ 12న తెల్లవారుజామున మంగాఫ్‌లో కూలీలుండే భవనంలో మంటలు లేచాయి. చనిపోయినవాళ్ళలో కనీసం 45 మంది మన దేశంవాళ్ళే. అందులో మన రాష్ట్రంవాళ్ళు కూడా ఉన్నారు. నిద్రలో ఉండగా పొగకు ఊపిరాడకే ఎక్కువమంది పోయారు. మనోళ్ళ రూము అని, అద్దె తక్కువని చేరే ముందు ఒక్కసారి మెట్లు దిగి పైకి ఎక్కి చూడండి. మెట్ల మీద సామాన్లు పేర్చారా? మిద్దె తలుపుకు తాళం ఉందా? హాలును అట్టలతో, ప్లైవుడ్డుతో అడ్డాలు కట్టి నలుగురి చోట పన్నెండు మందిని పెట్టారా? గ్యాస్ సిలిండరు పడుకునే చోటే ఉందా? ఇవన్నీ ఉన్న రూము ఎంత చౌకైనా వద్దు. ఖైతాన్‌లో, ఫర్వానియాలో ఐదు దినార్లు ఎక్కువైనా ఇంకో బెడ్డు దొరుకుతుంది.

ఎండ సంగతి మనకు చెప్పాలా, పెన్నా ఇసకలో కాళ్ళు కాల్చుకున్నవాళ్ళం అనుకుంటాం. 2016 జూలై 21న కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. మన ఏప్రిల్ ఎండకు ఇంకో పది డిగ్రీలు కలపండి. జూన్ 1 నుంచి ఆగస్టు 31 వరకు ఉదయం 11 నుంచి సాయంత్రం 4 దాకా బయట ఎండలో పని చేయించకూడదన్నది చట్టం. ఫోర్‌మన్ కాదంటే ఫోటో తీసి ఫిర్యాదు చెయ్యొచ్చు. నీళ్ళు తాగితే మాటిమాటికీ పోవాల్సి వస్తుందని తాగకుండా ఉండేవాళ్ళుంటారు, కిడ్నీలు పోయేది అక్కడే. అదే కువైట్‌లో జనవరి రాత్రులు వణికిస్తాయి. ఎడారి దేశానికి స్వెట్టరెందుకని ఇంట్లో వదిలేసి పోవద్దు.

దినార్లు

దినారుకు వెయ్యి ఫిల్సులు. మొదటి నెలలో టీ తాగినా 270తో గుణించి గుండె గుభేలుమంటుంది. రెండో నెల నుంచి గుణించడం మానేస్తారు, ఖర్చు అక్కడే మొదలవుతుంది. ఇంటికి పంపేది ఇంత, నా పేరు మీద నిలిచేది ఇంత అని మొదటి జీతంనాడే విడగొట్టుకోండి. బ్యాంకు, ఎక్స్‌ఛేంజి ఏదైనా, రేటు ఒక్కటే చూడకండి, కమిషను కలిపి చివరికి ఇంట్లో ఎన్ని రూపాయలు పడతాయో అడగండి. రసీదు పారేయకండి.

బ్యాంకుతో పని లేకుండా హుండీలో పంపితే దినారుకు రెండు రూపాయలు ఎక్కువొస్తుందని చెప్పేవాళ్ళు ప్రతి రూములో ఉంటారు. చట్టవిరుద్ధం అన్నది అటుంచండి, అసలు భయం వేరే ఉంది. హుండీలో మీ దినార్లు మీ ఇంటికి రావు. ఇక్కడ ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి ఖాతా నుంచి రూపాయలు పడతాయి. అది సైబర్ మోసం డబ్బైతే పోలీసులు మీ భార్య ఖాతా ఆపేస్తారు. పిల్లల ఫీజు కట్టాల్సిన నెలలో ఆ ఖాతా విడిపించుకోవడానికి స్టేషన్ల చుట్టూ తిరగాలి.

విదేశంలో ఉద్యోగానికి పోయిన మనిషి మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా మార్చుకోవాలి, అక్కణ్ణుంచి పంపే డబ్బుకు ఎన్ఆర్ఈ ఖాతా తెరవాలి. ఎన్ఆర్ఈ వడ్డీకి ఇక్కడ పన్ను లేదు. ముఖ్యంగా ఆడవాళ్ళు ఇది చేసుకోవాలి. ఆరేళ్ళు అరబ్బు ఇంట్లో గిన్నెలు తోమి, ప్రతి దినారూ భర్త ఖాతాకో తమ్ముడి ఖాతాకో పంపి, తిరిగొచ్చేసరికి తన పేరు మీద పొదుపు సంఘం పుస్తకం తప్ప ఏమీ లేని ఆడవాళ్ళు మన మండలాల్లో ఎంతమందో. ఇంట్లోవాళ్ళ మీద అనుమానంతో కాదు, కష్టం ఎవరిదో కాగితం కూడా వాళ్ళదే ఉండాలి. రూములో వేసే చీటీల్లో చేరకండి. చీటీ నడిపే మనిషి సెలవు మీద ఊరికి పోయి తిరిగి రాకపోతే అక్కడ మీకు దిక్కు లేదు.

బంగారం తేవడం మనకు ముచ్చట, ప్రొద్దుటూరు పక్కనే పెట్టుకుని కూడా. ఏడాదికి పైగా ఉండి వచ్చేటప్పుడు ఆడవాళ్ళు 40 గ్రాములు, మగవాళ్ళు 20 గ్రాముల నగలు సుంకం లేకుండా తేవచ్చు. సొంతానికి తెచ్చుకోండి, ఇంకొకరి గొలుసు మెళ్ళో వేసుకుని మాత్రం రాకండి.

వీధిలో

రంజాన్‌లో పగటిపూట బయట నీళ్ళు తాగినా, సిగరెట్టు కాల్చినా నేరమే. 1968 నాటి చట్టం ప్రకారం 100 దినార్ల దాకా జరిమానా, నెల దాకా జైలు. బస్సులో సీసా ఎత్తడం మన చేతి అలవాటు, ఆ నెల కాస్త చూసుకోవాలి. మందు ఎప్పుడూ నిషేధమే. రూములో నాటుగా కాచేవాళ్ళు పిలుస్తారు, పోకండి. ఆడవాళ్ళ వైపు, ప్రభుత్వ భవనాల వైపు ఫోన్ ఎత్తి ఫోటోలు వద్దు.

భాషకు భయపడనక్కర్లేదు. హిందీ, ఉర్దూ ముక్కలొస్తే బకాలా కొట్టులో సరుకు కొనొచ్చు, టాక్సీ మాట్లాడొచ్చు. మన ముస్లిం కుటుంబాలవాళ్ళు ఇందులో ముందుంటారు. సెలవు రోజు రూములోనే పడుకోకండి. కువైట్ సిటీలోని ఎవాంజెలికల్ చర్చి ఆవరణలో తెలుగు ప్రార్థనలు జరుగుతాయి. తెలుగు కళా సమితి పండగలకు కలుస్తుంది. అక్కడ మీ ఊరు కాని తెలుగువాళ్ళు పరిచయమవుతారు. గోదావరి జిల్లా నర్సమ్మకో, హైదరాబాద్ అకౌంటెంటుకో మీ రూములో వాళ్ళకు తెలియనివి నాలుగు తెలిసి ఉంటాయి. మంచి ఇళ్ళు, మంచి కంపెనీలు ఎక్కువగా అట్లాంటి మాటల్లోనే దొరుకుతాయి.

ఇంటి దగ్గరున్నవాళ్ళకు

కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. అక్కడ పని ముగించుకుని రాత్రి పదికి ఫోన్ చేస్తే ఇక్కడ పన్నెండున్నర. పిల్లలు నిద్రపోయి ఉంటారు. 'ఎప్పుడు చేసినా పిల్లోళ్ళు మాట్లాడరు' అని అక్కడ తల్లి ఏడవకుండా, వాళ్ళ మధ్యాహ్నం విరామం ఎప్పుడో అడిగి, ఆ వేళకు పిల్లలను ఫోన్ దగ్గర కూర్చోబెట్టండి. వాళ్ళు పంపిన పాస్‌పోర్టు, వీసా, సివిల్ ఐడీ, ఇంటి చిరునామా ఫోటోలు ఒక్క ఫోన్‌లోనే ఉంచక, ప్రింటు తీసి రేషన్ కార్డు పెట్టే చోట పెట్టండి.

రోజూ వచ్చే ఫోన్ నాలుగు రోజులు రాకపోతే, జీతం రెండు నెలలు పడకపోతే, పంపిన ఏజెంటు దగ్గరికి పోయి ఇంకో యాభై వేలు ఇవ్వకండి. 'విడిపిస్తాను' అని తీసుకునేది కూడా ఆ మనిషే. మన విదేశాంగ శాఖ మదద్ పోర్టల్లో ఫిర్యాదు రాయండి, అది నేరుగా కువైట్‌లోని ఎంబసీకి చేరుతుంది, ఎంతవరకు వచ్చిందో నంబరుతో చూసుకోవచ్చు. రాష్ట్రంలో ప్రవాసాంధ్రుల కోసం ఏపీఎన్ఆర్టీ సొసైటీ ఉంది. రెండుచోట్లా అడిగేవి అవే: పాస్‌పోర్టు నంబరు, సివిల్ ఐడీ, ఇంటి బ్లాకు, వీధి, నంబరు. మదద్‌లో ఫిర్యాదుకు ఒక్క రూపాయి కూడా కట్టనక్కర్లేదు.